మోకాలికి ఫిజియో, పొట్టకు బెల్టు

మా చంటోడికి రెండో నెల నడుస్తుండగా ఒక సంగతి గమనించాను. ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు వాడి పొట్ట మధ్యలో, రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా నిలువుగా ఒక గట్టు లేచేది. ఏడుపు ఆపగానే చదునైపోయేది. భయమేసి టీకాల రోజున పిల్లల డాక్టర్‌కి చూపించాను. ఆయన వాణ్ని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద రెండు వేళ్లు ఆనించి చూసి నవ్వేశాడు. "పొట్టకి అటొకటి ఇటొకటి నిలువు కండరాలుంటాయమ్మా. పసిపిల్లల్లో వాటి మధ్య సందు ఉండటం మామూలే. పెరిగి, పాకి, కండ పట్టేసరికి దగ్గరపడతాయి. హెర్నియా కాదు, అంటే కండరాల్లో కంతలోంచి పేగు బయటికి ఉబికింది కాదు, ఏమీ చెయ్యక్కర్లేదు" అన్నాడు. ఐదు నిమిషాల్లో నా టెన్షన్ పోయింది.

ఆ రాత్రి వాడికి పాలిచ్చి పడుకోబెట్టి మంచం మీద నుంచి లేస్తుంటే కనిపించింది. అదే గట్టు, నా పొట్ట మీద. వాడిదానికన్నా పెద్దది. నిద్రపోయిందనుకున్న మా పెద్దది, ఐదేళ్ల పిల్ల, "అమ్మా, నీ పొట్టలో ఇంకా ఎవరైనా ఉన్నారా?" అంది.

నా ఆరు వారాల చెకప్ అప్పటికే అయిపోయింది. కుట్లు చూశారు, బీపీ చూశారు, ఇంకో బిడ్డ రాకుండా ఏం వాడదామనుకుంటున్నారని అడిగారు. "పొట్ట ఇలా ఉందేంటి మేడం" అంటే, "రెండో సిజేరియన్ కదా, మెల్లగా తగ్గుతుందిలే. బెల్టు వాడుతున్నారా?" అన్నారు. అంతే. అది ఏ ఆసుపత్రో చెప్పను, చెప్పి ఉపయోగం లేదు. తర్వాత మా ఆఫీసులో పిల్లల తల్లుల్ని అడిగితే, ఎక్కడ పురుడు పోసుకున్నవాళ్లైనా సరే, దాదాపు ఇదే మాట చెప్పారు. మాటలు కూడా మారలేదు: తగ్గుతుందిలే, బెల్టు.

నాకు కోపం రావడానికి ఇంకో కారణం ఉంది. అదే ఏడాది మా మామయ్యగారికి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. మర్నాడు పొద్దున్నే ఒక ఫిజియోథెరపిస్టు మంచం దగ్గరికొచ్చి ఆయన్ని నిలబెట్టాడు. డిశ్చార్జి కాగితంలోనే వ్యాయామాల బొమ్మలు వేసిచ్చారు. ఇంటికొచ్చాక కూడా మూడు వారాలు మనిషి వచ్చి చేయించి వెళ్లాడు. అత్తయ్య, మా ఆయన, ఫోన్లో మా ఆడపడుచు, అందరూ లెక్కలు అడిగేవాళ్లు. "ఇవాళ తొంభై డిగ్రీలు వంగిందా?" అని. అందులో తప్పేమీ లేదు, అలాగే ఉండాలి. కానీ అదే ఇంట్లో, పక్క గదిలో, తొమ్మిది నెలలు సాగి, ఆపైన కోత పడిన పొట్టతో ఇంకో మనిషి ఉంది. ఆమె పొట్ట ఎన్ని డిగ్రీలు వంగుతోందో ఎవరూ అడగలేదు. లోపలికి పోయిందా లేదా అని మాత్రం అందరూ అడిగారు.

సంగతేంటో మామూలు మాటల్లో చెప్తాను. పక్కటెముకల నుంచి కింద కటి ఎముక దాకా పొట్ట ముందు భాగంలో రెండు పట్టీల్లా కండరాలు దిగుతాయి. జిమ్ములో కుర్రాళ్లు పలకలు తేలాలని చూసేది వీటినే. ఈ రెండు పట్టీలనూ మధ్యలో కలిపి ఉంచేది ఒక నార లాంటి పొర. లాటిన్‌లో లీనియా ఆల్బా అంటారు, అంటే తెల్ల గీత. కడుపుతో ఉన్నప్పుడు బొడ్డు మీదుగా చర్మంపై నల్ల గీత వస్తుంది కదా, సరిగ్గా దాని కిందే ఈ తెల్ల గీత ఉంటుంది. నల్లగీత చూసి మగపిల్లాడా ఆడపిల్లా అని జోస్యం చెప్పేవాళ్లు మా బంధువుల్లో ఇద్దరున్నారు. తెల్లగీత గురించి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. గర్భంలో హార్మోన్ల వల్ల ఈ పొర మెత్తబడుతుంది, బిడ్డ పెరిగేకొద్దీ సాగుతుంది, పట్టీలు రెండూ పక్కలకు జరుగుతాయి. దీన్నే డయాస్టాసిస్ రెక్టై అంటారు. కండరం తెగదు, చిరగదు. సిజేరియన్‌లో కూడా సాధారణంగా ఆ పట్టీలను కొయ్యరు. చర్మాన్ని, కింద గట్టి పొరను కోసి, పట్టీల్ని మధ్యలో నుంచి పక్కకు లాగుతారు. పొట్టకి 'చీలిక' వచ్చిందంటే లోపల ఏదో చిరిగిపోయిందని నెల రోజులు భయపడ్డాను. అది చీలిక కాదు, సాగు.

ఇది జబ్బు అనడానికి కూడా నాకు మనసొప్పదు. పోర్చుగల్‌లో కొందరు గర్భిణుల్ని స్కానింగ్‌తో కొలుస్తూ వెళ్లి 2015లో ఫలితాలు ప్రచురించారు. 35వ వారానికి ఆ స్త్రీలలో ప్రతి ఒక్కరికీ ఈ సందు ఉంది. నార్వేలో తొలి కాన్పు తల్లులు 300 మందిని ఏడాది పాటు గమనించి 2016లో రాసిన దాన్లో, కాన్పైన ఆరు వారాలకు వందలో 60 మందికి, ఏడాదికి దాదాపు 33 మందికి ఉంది. అంటే కొంత దానంతటదే తగ్గుతుంది. "తగ్గుతుందిలే" అన్న డాక్టరమ్మ మాటలో సగం నిజముంది. మిగతా సగం, అంటే ఏడాదైనా తగ్గని ఆ ప్రతి మూడో మనిషి ఏం చెయ్యాలన్నది, ఆమె చెప్పలేదు.

మన దగ్గర ఆ మిగతా సగం చిన్నదేం కాదు, సాగుకు తోడు కోత కూడా పడిన పొట్టలు ఎన్నో. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తమ్మీద 21.5. ఇన్ని పొట్టలు కోస్తున్న రాష్ట్రాల్లో ఆ పొట్టల్ని మళ్లీ పనిలో పెట్టే పద్ధతి గురించి డిశ్చార్జి కాగితంలో ఒక్క వరుస కూడా లేకపోవడం నాకు మింగుడుపడదు. సిజేరియన్లు ఎందుకు ఎక్కువన్నది వేరే పెద్ద గొడవ, ఇక్కడ దాని జోలికి పోను.

ఇక మా అమ్మవైపు వైద్యం. ఏడో రోజు నుంచి పాత చీర చింపి నడికట్టు కట్టింది. వేడినీళ్ల స్నానం, చెవుల్లో దూది, వెల్లుల్లి కారం, కాయం ముద్ద. నేను వీటిని వెక్కిరించే రకం కాదు. ఆపరేషన్ అయిన కొత్తలో ఆ గుడ్డో బెల్టో ఉంటే దగ్గినా తుమ్మినా ధైర్యంగా ఉంటుంది, లేచి నాలుగడుగులు వెయ్యగలం. ఆ సాయం నిజం. కానీ అది కట్టే కానీ కండ కాదు. చెయ్యి విరిగితే కట్టు కడతారు, విప్పాక చెయ్యి ఆడించమంటారు. పొట్టకి మాత్రం కట్టడమే మొత్తం వైద్యం అయిపోయింది. అదీగాక ఊపిరాడనంత బిగిస్తే ఆ ఒత్తిడి కిందికి పోతుంది. గర్భసంచినీ మూత్రసంచినీ మోసే కండరాలు కాన్పుతో అప్పటికే అలిసి ఉంటాయి. నన్ను చూసిన ఫిజియో మొదట అడిగింది "ఎంత గట్టిగా కట్టారు?" అనే.

మన బాలింత విశ్రాంతి గురించి కూడా ఒక మాట. పుట్టింట్లో మూడు నెలలు మంచం దిగనివ్వరు. మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి అందిస్తారు. ఇది ఎంత అదృష్టమో విదేశాల్లో ఒక్కత్తీ పురుడు పోసుకున్న నా స్నేహితురాలికి తెలుసు. కానీ మూడో నెల ముగిసి అత్తారింటికి రాగానే ఒకేసారి అన్నీ మీద పడతాయి. ఆరేడు కిలోల పిల్లాడు చంకలో, ఇంకో పిల్ల స్కూలు బ్యాగు చేతిలో, నిండు బకెట్లు, కుక్కర్లు, మెట్లు. మధ్యలో మెట్టన్నది లేదు. మామయ్యగారి మోకాలికి వాకర్, తర్వాత కర్ర, తర్వాత గుడి దాకా నడక, ఆ తర్వాతే మెట్లు. నాకు మంచం, ఆ వెంటనే నీళ్ల క్యాను.

నీళ్ల క్యాను దగ్గరే నా కథ మొదలైంది. నాలుగో నెలలో ఒకరోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, 20 లీటర్ల క్యాను ఎత్తి స్టాండ్ మీద బోర్లించబోయాను. నడుం పట్టేసింది. అంతకన్నా సిగ్గైన విషయం, రెండు చుక్కలు మూత్రం కూడా పడింది. క్యాను కింద పెట్టి నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆ రాత్రి ఫోన్‌లో వెతికాను. వెతకడం తప్పు కాదుగానీ, మర్నాటి నుంచి నా ఫోన్ నిండా రీల్సే. ఇరవై ఒక్క రోజుల్లో సందు మూసేస్తానని ఒకామె. "ఈ మూడు వ్యాయామాలు చేశారో పొట్ట చీలిపోతుంది" అని ఇంకొకామె. ప్లాంక్ (మోచేతులూ కాలివేళ్లూ ఆన్చి ఒళ్లు పలకలా నిలిపే వ్యాయామం) వద్దు, తల ఎత్తొద్దు, బరువు ముట్టొద్దు. బిడ్డను ఎత్తుకోవాలన్నా వణుకు పుట్టే స్థితికి వచ్చాను. భయపెట్టి ఆపైన కోర్సు అమ్మడం ఒక వ్యాపారం. బెల్టు కంపెనీ కనీసం బెల్టైనా ఇస్తుంది.

చివరికి మా ఆఫీసు కొలీగ్ ఒకామె చెప్తే, కాన్పైన స్త్రీలనే చూసే ఫిజియో ఒకావిడ దగ్గరికి వెళ్లాను. సెషన్‌కి 700. మొదటి రోజు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవమంది. తల, భుజాలు కొంచెం ఎత్తమని, బొడ్డు దగ్గరా, పైనా, కిందా మూడు చోట్ల వేళ్లు అడ్డంగా పెట్టి చూసింది. బొడ్డు పైన మూడున్నర వేళ్లు. నేను ఆ అంకె పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మాత్రం వేళ్లను కిందికి నొక్కుతూ, "ఇక్కడ మెత్తగా దిగిపోతోంది చూడండి, నాకు ఇది ముఖ్యం" అంది. తర్వాత ఊపిరి వదులుతూ కింది కండరాలు బిగించి మళ్లీ తల ఎత్తమంది. ఈసారి వేళ్ల కింద కాస్త గట్టిగా తగిలింది. సందు మాత్రం అంతే ఉంది.

నాకు ఇంటికొస్తుంటే నులక మంచం గుర్తొచ్చింది. మంచం ఎంత వెడల్పున్నా నులక బిగించి ఉంటే హాయిగా పడుకోవచ్చు. ఎంత సన్నదైనా కుక్కి మంచమైతే నడుం పోతుంది. మనం ఇన్నాళ్లూ మంచం వెడల్పు కొలుస్తూ కూర్చున్నాం.

మొదటి రెండు వారాలు చేసింది చూస్తే ఇదీ ఒక వ్యాయామమేనా అనిపిస్తుంది. పడుకుని ఊపిరి పీల్చడం. వదిలేటప్పుడు మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాల్ని పైకి తీసుకుంటూ బొడ్డు కింది భాగాన్ని మెల్లగా లోపలికి లాగడం. అలా ఉంచి ఒక మడమను నేల మీద జారుస్తూ కాలు చాపడం. మంచం మీద నుంచి లేవాలంటే నిట్టనిలువుగా కాకుండా పక్కకు తిరిగి మోచెయ్యి ఆన్చి లేవడం. మా ఆయన చూసి "దీనికి ఏడొందలా?" అన్నాడు. నాకూ అదే అనుమానం. మూడో వారం నడుం పైకెత్తే సేతుబంధాసనం లాంటివి, మోకాళ్లు ఆన్చి పక్క ప్లాంకు. ఆ తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి నేల మీద నుంచి ఎత్తడం: మోకాళ్లు వంచి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకుండా వదులుతూ. పదో వారంలో, రీల్సులో చేస్తే చచ్చిపోతారన్నట్టు చెప్పిన ఆ పని, తలా భుజాలూ ఎత్తి లేవడం, చేయించింది. మధ్యలో గట్టు లేస్తే ఆపి ఒక మెట్టు కిందికి దిగడం, అంతే తేడా. అది నిషేధం కాదు, మనం చేసే పని మోతాదు మించిందని చెప్పే గుర్తు అంతే.

ఇక్కడ నిజం చెప్పాలి, లేకపోతే నేనూ ఆ రీల్సు మనిషినే అవుతాను. ఫిజియో సందు మూస్తుందా? గట్టిగా అవునని చెప్పే ఆధారం లేదు. నార్వేలోనే 2023లో ప్రచురించిన ఇంకో పరీక్ష ఉంది. కాన్పై ఆరు నెలల నుంచి ఏడాది అయిన 70 మందిలో సగం మందితో 12 వారాలు పొట్ట వ్యాయామాలు, తల ఎత్తే కర్ల్-అప్‌లతో సహా, చేయించారు. సందు విషయంలో మిగతా సగానికీ వీళ్లకీ తేడా రాలేదు. అయితే పెరగనూ లేదు, కండర బలం మాత్రం పెరిగింది. నా మూడున్నర వేళ్లు ఎనిమిది సెషన్ల తర్వాత రెండు అయ్యాయి. "ఇందులో ఎంత వ్యాయామం వల్లో, ఎంత కాలం వల్లో నేను చెప్పలేను" అని ఫిజియోనే అంది. ఆ ఒక్క మాటతో నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

మరి 5,600 రూపాయలు ఎందుకు పెట్టినట్టు? నాకు దొరికింది వేరే. ఆరో సెషన్ తర్వాత నీళ్ల క్యాను ఎత్తాను, నడుం పట్టలేదు, చుక్క పడలేదు. దగ్గు వస్తే కాళ్లు ముడుచుకోవడం పోయింది. బిడ్డను ఎత్తాలంటే వణుకు పోయింది, ఇదే అన్నిటికన్నా పెద్దది. మామయ్యగారి మోకాలు కూడా పాతికేళ్లప్పటి మోకాలు కాలేదు కదా. ఆయన కూరగాయలకు నడిచి వెళ్తే ఇల్లంతా ఫిజియో పనిచేసిందంది. నా విషయంలో మాత్రం "అంత డబ్బు పోసినా పొట్ట అలాగే ఉందే" అన్నారు. ఒకే ఇంట్లో రెండు తూకాలు. మోకాలిని పనితో తూస్తాం, ఆడదాని పొట్టను చీరలో ఎలా కనిపిస్తోందనే దానితో తూస్తాం. చికిత్స లేకపోవడానికి అసలు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. కనిపించేదాని గురించే బాధైతే బెల్టు చాలు కదా, లోపలికి నొక్కేస్తుంది.

నడుం నొప్పి ఉన్న ప్రతి తల్లీ ఈ సందును తిట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. ఆ 300 మంది అధ్యయనంలో సందు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ నడుం నొప్పిలో తేడా కనిపించలేదు. నా నొప్పికి సందే కారణమా, మూడు నెలల మంచమా, వంగి పాలివ్వడమా, ఎవరు చెప్పగలరు? కారణం ఏదైనా చెయ్యాల్సింది ఒకటే, మెట్టు మెట్టుగా బలం తెచ్చుకోవడం. అయితే బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు విడిగా కనిపిస్తే, నొప్పి పెడితే, ముందు డాక్టర్‌కే చూపించాలి, హెర్నియా కావచ్చు. ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకుండా, వాంతులు కూడా అవుతుంటే అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాలి. సందు బాగా పెద్దదై పనులకు అడ్డం పడుతుంటే పొరను కుట్టి దగ్గర చేసే ఆపరేషన్ కూడా ఉంది. కానీ వ్యాయామమనే మెట్లు ఎక్కకుండానే నేరుగా ఆపరేషన్ దాకా పరిగెత్తడం ఎందుకు?

డబ్బున్న ఆఫీసు మనిషివి కాబట్టి వెళ్లావు అంటారా? నిజమే. ఇది రాయడానికి ధైర్యం ఇచ్చింది మా ఇంట్లో పనిచేసే అమ్మాయి. నాకన్నా రెండు నెలల ముందు కనింది. నలభై రోజులు దాటగానే పనిలోకి వచ్చేసింది. ఆమెకు 26 వారాల ప్రసూతి సెలవు ఎవరిస్తారు? ఒకరోజు నేను చాప మీద ఊపిరి వదులుతుంటే చూసి, "ఏం చేస్తున్నావక్కా?" అంది. చెప్పాను. పడుకోబెట్టి చూస్తే ఆమెదీ మూడు వేళ్లే. పొట్ట వేలాడుతోందని కాదు, బకెట్ ఎత్తినప్పుడల్లా తడుస్తోందని, రెండు లంగాలు కట్టుకుని వస్తున్నానని చెప్పింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదట. నేను ఫిజియోని కాదు కాబట్టి పెద్దగా ఏమీ చేయించలేదు. బకెట్ ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకు, కింద బిగించి వదులుతూ ఎత్తు అన్నాను. ఫీజు సంగతి విని పడీపడీ నవ్వింది. "ఊపిరి వదలడానికి కూడా ఏడొందలా అక్కా!"

ఆ నవ్వు దగ్గరే నా అభ్యర్థన కూడా ఉంది. ఆసుపత్రిలో కాన్పైతే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలని నియమం: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డ బరువు తూస్తుంది, ఒళ్లు వేడి చూస్తుంది, పాలు తాగుతున్నాడా అడుగుతుంది. ఆరో రాకలో తల్లిని ఒక్కసారి చాప మీద పడుకోబెట్టి, ఎలా లేవాలో, ఎలా ఎత్తాలో, ఊపిరి ఎప్పుడు వదలాలో చూపించడానికి పది నిమిషాలు పడుతుంది. "తడుస్తోందా?" అని అడగడానికి పది సెకన్లు. ఆ అడగడం కూడా వైద్యమే. అసలే చాలీచాలని డబ్బుతో నడిచే ఆశాల మీద ఇంకో పని వేస్తున్నానని తెలుసు. దానికి డబ్బివ్వండి. ఫ్రాన్స్‌లో ఉండే నా క్లాస్‌మేట్‌కి కాన్పు తర్వాత కటి కండరాలకు పది సెషన్లు ప్రభుత్వ బీమా ఖర్చుతోనే రాసిచ్చారు. అక్కడ అది విలాసం కాదు, చెకప్‌లో మామూలుగా రాసే చీటీ. మనకు పది వద్దు, జిల్లా ఆసుపత్రిలో రెండు ఇవ్వండి. డిశ్చార్జి కాగితంలో మామయ్యగారికి వేసిచ్చినట్టు నాలుగు బొమ్మలు వెయ్యండి.

"మేమంతా కనలేదా, మాకెవరు చేయించారు ఇవన్నీ?" అన్న మాట అత్తయ్య నుంచి వచ్చింది. మీక్కూడా ఇంట్లో వస్తుంది. దానికి నా దగ్గర గట్టి జవాబు ఉండేది కాదు, మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లేదాకా.

మా అమ్మ దగ్గినప్పుడల్లా ఎడమ చెయ్యి పొట్ట మీద అదిమి పెట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అమ్మ దగ్గే తీరే అంత అనుకున్నాను. భోగి రోజు పిండివంటల దగ్గర అలాగే దగ్గింది. పని అయ్యాక చాప వేసి పడుకోమన్నాను. తల ఎత్తమంటే ఎత్తింది. పొట్ట మధ్యలో పడవ బోర్లించినట్టు గట్టు లేచింది. మూడు వేళ్లు సులువుగా దిగాయి.

"ఇదెప్పటి నుంచి అమ్మా?"

"అదా? మీ తమ్ముడు పుట్టినప్పటి నుంచీ ఉందిగా."

"ముప్పై ఏళ్లు! ఎవరికీ చెప్పలేదా?"

"ఏమని చెప్పేది? నొప్పా, పాడా. కూర్చుంటే లేవలేకపోతన్నా, అంతేగా."

కాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. తర్వాత, "ఇప్పుడు చేస్తే తగ్గుద్దంటావా?" అంది.

"సందు తగ్గకపోవచ్చమ్మా. ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించి, హెర్నియా ఏదీ లేదంటే మొదలుపెడదాం. కింద కూర్చుని లేవడం తేలికవుద్ది."

"అది చాల్లే. గుళ్లో లేవలేక స్తంభం పట్టుకుంటన్నా" అని మోకాళ్లు మడిచి సర్దుకుంది. "ఊపిరి ఎప్పుడు వదలమన్నావ్?"